రివర్సు లేని పెద్దావిడ

ఊళ్లో సగం ముక్కుల మీద కూర్చున్న కళ్లద్దాలు ఆయన చేతి మీదుగా వెళ్లినవే. అందుకని చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అద్దాలాయన అనేవారు. యాభై ఆరేళ్లు వచ్చినా తన భర్తకి ఒక్క పిచ్చి కూడా పట్టలేదని ఆయన భార్య నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ ఏడాదే ఆయన కారు కొన్నాడు.

కొత్త కారైతే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆయన కొన్నది ఆయనకంటే నాలుగేళ్లు పెద్దది. దుకాణానికి రసీదు పుస్తకాలు అచ్చు వేయించుకుందామని ప్రెస్సుకి వెళితే, వెనక షెడ్డులో కాగితం కట్టల సందుల్లోంచి రెండు గుండ్రటి హెడ్‌లైట్లు కనిపించాయి. వాటి మీద వేలెడు మందాన దుమ్ము. ముప్ఫై ఏళ్లుగా మసకబారిన చూపులు సరిచేస్తున్న మనిషి కదా, చెయ్యి ఊరుకోలేదు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి ఒక లైటు తుడిచాడు. అది తన వైపు చూసిందని ఆయన ఇప్పటికీ అంటాడు. ఒక కన్ను తుడిచి రెండోది వదిలేసి రావడానికి మనసొప్పలేదు. రెండూ తుడిచాక కారునే వదిలి రావడానికి కాళ్లు రాలేదు.

ప్రెస్సు యజమాని మంచివాడే. అబద్ధమాడలేదు.

"ఇంజను గట్టిదండీ. ముందుకైతే గుర్రంలా పోతుంది," అన్నాడు.

"మరి వెనక్కి?"

"వెనక్కి పోవాల్సిన ఖర్మ మనకెందుకండీ?"

అద్దాలాయన పడీ పడీ నవ్వాడు. అది హాస్యం కాదని మర్నాడు మెకానిక్ చెప్పాడు. గేరుబాక్సు విప్పి, ఒక చిన్న చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురులో పెట్టి చూపించాడు. దాని పళ్లన్నీ రాలిపోయి బోసినోరులా ఉంది.

"రివర్సుకి తిరగాల్సింది ఇదే సార్. ఇలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. చేసే కంపెనీయే మూతబడింది."

సరే, ఈ సంగతి ఇంటికెళ్లి చెప్పేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ కారు ఇంటి ముందు ఆగగానే ఆయన భార్య చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అన్నీ పనిచేస్తాయా?" అని అడిగింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. ప్రశ్న ఎప్పుడూ ఒకే ముక్కలో అడుగుతుంది. ఆయన కూడా ఒకే ముక్కలో, "అన్నీ," అనేశాడు. ఆ కారుకి లేనట్టే ఆ మాటకీ రివర్సు లేకపోయింది.

రోజూ పొద్దున్నే ఆయన బానెట్ ఎత్తి, "పెద్దావిడ లేచిందా?" అని పలకరించడం మొదలుపెట్టాడు.

"ఇంట్లోకి పెద్దావిడ వచ్చిందన్నమాట. అయితే నేను చిన్నావిడనా?" అంది టీచరు, బడికి వెళుతూ.

"వయసులో చెబుతున్నానోయ్."

"వరసలో కూడా అలాగే కనిపిస్తోంది లెండి. నిన్న దాన్ని మూడుసార్లు తుడిచారు. నా ముఖం వైపు ఒక్కసారి చూశారు, అది కూడా ఆ గుడ్డ ఎక్కడుందో అడగడానికి."

అలా ఆ కారుకి పెద్దావిడ అనే పేరు స్థిరపడింది.

ఇక ఆయన పాట్లు మొదలయ్యాయి. ఇంట్లోకి వెళ్లిన బండి బయటికి రావాలంటే వెనక్కి రావాలి. అందుకని పెరటి వైపు ప్రహరీ పగలగొట్టించి రెండో గేటు పెట్టించాడు. ఎందుకని అడిగితే గాలి కోసమన్నాడు. చివర గోడ ఉన్న వీధుల్లోకి వెళ్లడం మానేశాడు. సొంత అన్నయ్య ఇల్లు అలాంటి వీధిలోనే ఉండటంతో బండి పెద్దరోడ్డు మీద ఆపి నడిచి వెళ్లేవాడు. డాక్టరు నడవమన్నాడని వదినగారికి చెప్పాడు. ఆవిడ పాపం కంగారుపడి ఏ జబ్బో చెప్పమని పట్టుబట్టింది. కూరగాయల మార్కెట్లో ముందువైపు ఖాళీగా ఉన్న జాగా కోసం నాలుగు చుట్లు తిరిగేవాడు. అర కిలోమీటరు దూరంలో ఉన్న బడికి భార్యని దింపడానికి వంతెన మీదుగా, పార్కు పక్కనుంచి, రెండున్నర కిలోమీటర్లు తిప్పి తీసుకెళ్లేవాడు.

"ఇటెందుకండీ?" అని ఆమె మొదట్లో అడిగేది.

"అటు ఎండ."

కొన్నాళ్లకి అడగడం మానేసింది. గెలిచాననుకుని ఆయన ఈల వేసుకున్నాడు.

అలా ఆరునెలలు గడిచాయి. ఆ బడిలో హెడ్మాస్టరమ్మ రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆవిడ పేరు చెబితే పిల్లలే కాదు, పిల్లల తండ్రులు కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేవారు. ఆవిడని ఆటోలో పంపితే బాగుండదని స్టాఫ్ అంతా అనుకున్నారట. సాయంత్రం ఇంటికి రాగానే టీచరు చెప్పింది.

"మన పెద్దావిడలో ఇంటికి దింపుతామని మాటిచ్చేశాను."

ఆమె పెదవి చివర ఏదో నవ్వు మెరిసింది కానీ ఆయన ఉన్న కంగారులో దాన్ని పట్టించుకోలేదు.

ముందు రోజు ఆయన దుకాణం కట్టేసి కాలినడకన ఆ దారంతా కొలిచి వచ్చాడు. బడి గేటు, కుడివైపు మలుపు, గడియారం స్తంభం, ఆసుపత్రి రోడ్డు, హెడ్మాస్టరమ్మ ఇల్లు. ఆ ఇంటి ముందు నుంచి నేరుగా వెళితే చెరుకుతోటల రోడ్డు మీదుగా చుట్టి రావచ్చు. ఎక్కడా వెనక్కి వెళ్లే పని లేదు. హమ్మయ్య అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి సభ అయింది. హెడ్మాస్టరమ్మ ఒడి నిండా పూలగుత్తులతో వెనక సీట్లో కూర్చున్నారు. టీచరు ఆవిడ పక్కన కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దావిడ ఒక దగ్గు దగ్గి, గంభీరంగా గేటు దాటింది. దాటి కుడివైపు చూస్తే రోడ్డు లేదు. దాని స్థానంలో నిలువెత్తు గొయ్యి, గొయ్యి పక్కన నీళ్ల పైపులు, పైపుల మీద పసుపు టోపీ పెట్టుకున్న మనిషి ఉన్నారు.

"ఇటు లేదు సార్! ఎదురుగా ఆ సందులోంచి పొండి!" అని ఆ టోపీ మనిషి చెయ్యి ఊపాడు.

బడి గేటుకి సరిగ్గా ఎదురుగా ఉన్నది దర్జీల సందు. దానిలో ఒక కారు పడుతుంది. ఆ కారు పక్కన ఒక సైకిలు కూడా పట్టదు. ఆ సందువైపు అద్దాలాయన ఆరునెలలుగా కన్నెత్తి చూడలేదు. వెనక రెండు స్కూటర్లు హారన్ కొడుతున్నాయి. దేవుడా అనుకుని బండిని సందులోకి పోనిచ్చాడు.

రెండువైపులా గడపల్లో కుట్టుమిషన్లు టకటకలాడుతున్నాయి. తీగల మీద వేలాడుతున్న జాకెట్లు కారు పైభాగాన్ని తాకుతున్నాయి. వెనక వచ్చిన స్కూటర్లు మధ్యలో ఏదో దుకాణం అరుగు మీదికి ఎక్కి ఆగిపోయాయి. ఇంకొంచెం వెళితే గట్టెక్కినట్టే అని ఆయన అనుకుంటుండగా ఎదురుగా ఇంకో కారు సందులోకి తిరిగింది. అదే ముక్కు, అవే గుండ్రటి హెడ్‌లైట్లు. రంగొక్కటే తేడా, అది ముదురాకుపచ్చ. పెద్దావిడ అద్దంలో చూసుకుంటున్నట్టుంది. రెండు కార్లూ ముక్కూ ముక్కూ ఆనుకునేంత దగ్గరగా వచ్చి ఆగాయి.

ఆ బండి నడుపుతున్నది నర్సమ్మ. కాన్పుల వార్డులో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఊళ్లో సగంమందికి మొదటి దెబ్బ వీపు మీద వేసింది ఆవిడే. వాళ్ల అన్నగారి కారు పదిరోజుల కిందటే తెచ్చుకుందట. ఆ సంగతి అద్దాలాయనకి తెలీదు. ఆవిడ కళ్లద్దాలు మాత్రం తెలుసు. అవి తను చేసినవే.

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నమస్కారం నర్సమ్మగారూ! అద్దాలు బాగున్నాయా?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి. మీరు చాలా స్పష్టంగా కనిపిస్తున్నారు. కాస్త వెనక్కి వెళ్లారంటే ఇంకా బాగా కనిపిస్తారు."

"అదేంటండీ, సందులోకి ముందొచ్చింది నేను. మీరు ఇప్పుడే తిరిగారు."

"ఆడవాళ్లకి దారివ్వరా?"

"నా బండిలో ఇద్దరు ఆడవాళ్లున్నారు. లెక్క చూసుకున్నా నేనే గెలుస్తాను."

"నేను అర్జెంటుగా కాన్పు కేసుకి వెళుతున్నాను."

"మీరు రిటైరై ఆరేళ్లయింది కదండీ?"

"పుట్టే పిల్లలకి ఆ సంగతి తెలీదుగా!"

ఇలా ఇద్దరూ చాలా మర్యాదగా, ఒక్క అంగుళం కూడా కదలకుండా వాదించుకున్నారు. కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. దర్జీలు మెడలో టేపులతో గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒక ముసలి దర్జీ రెండు కార్ల మధ్యకి వెళ్లి, అలవాటు కొద్దీ టేపు పెట్టి కొలిచి, "మూరెడు," అని ప్రకటించాడు. అద్దాలాయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెనక సీటు వైపు తిరిగి చూసే ధైర్యం లేదు.

కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. హెడ్మాస్టరమ్మ పూలగుత్తులు టీచరు ఒళ్లో పెట్టి, కిందికి దిగి, రెండు బండ్ల మధ్య నిలబడ్డారు.

"ఇద్దరూ దిగండి."

ఇద్దరూ దిగారు. ఎవరూ చెప్పకుండానే పక్కపక్కన నిలబడ్డారు. నర్సమ్మ చేతులు కట్టుకుంది.

"కాన్పు ఎవరికి?" అన్నారు హెడ్మాస్టరమ్మ.

నర్సమ్మ నేల వైపు చూసింది. "ఎవరికీ కాదండీ. గుండీలు కొనడానికి వచ్చాను."

"మీరు చెప్పండి. నా వైపు చూసి చెప్పండి. వెనక్కి ఎందుకు వెళ్లరు?"

అద్దాలాయన ఆవిడ వైపు చూశాడు, దర్జీల వైపు చూశాడు, చివరికి కారులో కూర్చున్న భార్య వైపు చూశాడు.

"రివర్సు లేదండీ," అన్నాడు.

"ఏది లేదు?"

"రివర్సు గేరండీ. కొన్నప్పట్నుంచీ లేదు."

నర్సమ్మ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేక, బానెట్ మీద చెయ్యి ఆన్చి, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

"నాకూ లేదు నాయనోయ్," అంది.

దర్జీలు గొల్లుమన్నారు. హెడ్మాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. మూతి బిగబట్టి పక్కకి తిరిగారు. భుజాలు అదరడం అందరికీ కనిపించింది.

అద్దాలాయన కిటికీ దగ్గరికి వెళ్లి భార్య ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"నాకు ఐదునెలల కిందటే తెలుసు," అంది టీచరు.

"ఎలా?"

"వెళ్లిన దారిన తిరిగి రారు. ఎక్కడికెళ్లినా చుట్టే. కాగితం మీద మన దారులన్నీ గీసి చూశాను. ఏ గీత మీదా మళ్లీ వెనక్కి రాలేదు మీరు. అయినా గాలి కోసం గేటు పెట్టించిన మనిషిని నేనెక్కడా చూడలేదండీ. గాలికి కిటికీ పెట్టిస్తారు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీరే చెబుతారని చూశాను. మీరు చెప్పలేదు. తర్వాత, ఇవాళ ఏ వంక చెబుతారా అని చూడటం సరదాగా ఉండి ఊరుకున్నాను." ఆమె పూలగుత్తి పక్కకి జరిపి ఆయన ముఖంలోకి చూసింది. గొంతు కాస్త తగ్గించింది. "హెడ్మాస్టరమ్మకి మాటిచ్చింది కూడా అందుకే. ఇప్పుడైనా నోరు విప్పుతారేమోనని. రాత్రి భోజనం దగ్గర రెండుసార్లు అడిగాను, దారి సరిగ్గా ఉందా అని."

ఆయనకి నిజంగానే సిగ్గేసింది. ఇన్నాళ్లూ తను దాచింది గేరు గురించే అనుకున్నాడు. ఆమె ఐదునెలలుగా ఎదురుచూస్తోందన్న సంగతి తట్టలేదు.

"తప్పయిపోయింది," అన్నాడు. "ఆ రోజు ఎందుకో 'అన్నీ పనిచేస్తాయి' అనేశాను. ఆ తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు."

"తెలిసింది కదా ఇప్పుడు. పదండి, బండి సంగతి చూద్దాం."

ఇక టీచరు కిందికి దిగి లెక్క చేతిలోకి తీసుకుంది. పెద్దావిడ వెనకనుంచి సందు మొదలు దాకా అరవై రెండు అడుగులు వేసింది. ఆకుపచ్చ బండి వెనక ఈలోగా రిక్షాలు వరసగా వచ్చి ఆగాయి. "మనదే వెనక్కి," అని తీర్పు చెప్పింది. ఆరుగురు దర్జీలు చొక్కా చేతులు మడిచారు. నర్సమ్మ కూడా పెద్దావిడ బానెట్ మీద చేతులు ఆన్చి, అలవాటైన గొంతుతో, "ఊపిరి పీల్చుకోండి, నేను చెప్పినప్పుడు నెట్టండి," అంది.

"మీరు ఒక్క నిమిషం దిగి ఉంటే బరువు తగ్గుతుందండీ," అని అద్దాలాయన హెడ్మాస్టరమ్మని బతిమాలాడు.

ఆవిడ అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

"పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లినా ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు అందరికంటే ముందు దిగాను, అందరికంటే చివర ఎక్కాను. ఇవాళ దిగను," అన్నారు. అని, వెనక అద్దంలోంచి బయటికి చూడటానికి వీలుగా సీటు మీద వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నారు, చిన్నపిల్లలా. "ఎడమకి తిప్పండి. చాలు చాలు. ఇప్పుడు తిన్నగా," అని ఆయనకి దారి చెప్పడం కూడా మొదలుపెట్టారు.

పెద్దావిడ వెనక్కి కదిలింది. మేడల మీదనుంచి చూస్తున్న జనానికి హెడ్మాస్టరమ్మ చెయ్యి ఊపారు. వాళ్లూ ఊపారు. అలా ఊరేగుతూ సందు దాటి, రోడ్డు దాటి, బడి గేటులోంచి వెనక్కి లోపలికి వెళ్లి ఆగింది.

లోపల టీచర్లంతా ఊపిరి పీల్చుకుని, బెంచీలు బయటేసుకుని టీ తాగుతున్నారు. మధ్యలో డ్రిల్లు మాస్టారు ఒక స్కేలు చేత్తో పట్టుకుని, మెడ నిక్కించి, హెడ్మాస్టరమ్మ నడక నడిచి చూపిస్తున్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో తెలియక ఆయన ఇంకో నాలుగడుగులు నడిచాడు. తిరిగి చూస్తే, కారు వెనక అద్దంలో ఆవిడ ముఖం.

కొందరు గ్లాసులు దాచారు. ఒకాయన లేచి నిలబడి, "రిటైర్మెంటు క్యాన్సిలయిందా?" అని పక్కాయన్ని గుసగుసగా అడిగాడు.

హెడ్మాస్టరమ్మ కిటికీ దించారు.

"మాస్టారూ, బాగా చేస్తున్నారు. ఎడమ భుజం ఇంకాస్త పైకి ఉండాలి," అన్నారు. అంటూనే నవ్వేశారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆవిడ పళ్లు చూడటం ఆ స్టాఫ్‌కి అదే మొదటిసారి. డ్రిల్లు మాస్టారు ఏం చెయ్యాలో తోచక స్కేలుతో సెల్యూట్ చేశాడు.

అందరితో కలిసి ఆవిడ ఇంకో టీ తాగాకే ఇంటికి బయల్దేరారు.

రెండు రోజుల తర్వాత రెండు బండ్లూ మెకానిక్ దగ్గర చేరాయి. అతను రెండు గేరుబాక్సులూ విప్పి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"సార్ దాంట్లో పళ్లు లేవు. అమ్మగారి దాంట్లో పళ్లు బంగారంలా ఉన్నాయి, కాకపోతే ఆ చక్రాన్ని జరిపే కొక్కెం విరిగింది. సార్ కొక్కెం నిక్షేపంగా ఉంది. రెండూ కలిపితే ఒక రివర్సు వస్తుంది. ఒక్కటే."

ఆ మాటతో అద్దాలాయనా నర్సమ్మా ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన ఆరునెలలుగా కన్న కల ఒకటుంది. అన్నయ్య ఇంటి ముందు దాకా దర్జాగా వెళ్లి, సీటు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి చూస్తూ, హాయిగా వెనక్కి రావాలని. ఆ కల ఇప్పుడు బల్ల మీద నూనె కారుతూ ఉంది. పక్కనే నర్సమ్మ కొంగు అంచు వేళ్ల మధ్య నలుపుతూ ఉంది.

"మీ షెడ్డుకి ఇంకో గేటు ఉందా?" అని ఆయన అడిగాడు.

"ఎక్కడిదీ! మూడువైపులా పక్కవాళ్ల గోడలే. పొద్దున్నే ఇద్దర్ని పిలిచి లాగించుకుంటాను. మొదట్లో సరదాగా వచ్చేవారు. ఇప్పుడు నేను గేటు తీస్తే వాళ్లు తలుపులు వేసుకుంటున్నారు."

అద్దాలాయన తనతో వచ్చిన భార్య వైపు చూశాడు. ఆమె గోడ మీద టైర్ల క్యాలెండరు శ్రద్ధగా చదువుతోంది. ఇది తనే తేల్చుకోవాల్సిన సంగతని అర్థమైంది.

"మా ఇంటికి గాలి గేటు ఉంది," అన్నాడు చివరికి. "కొక్కెం ఆవిడకి పెట్టెయ్యి."

నర్సమ్మ నలుపుతున్న కొంగు వదిలేసింది. తర్వాత టీచరు వైపు తిరిగింది.

"నీకు డ్రైవింగు వచ్చా అమ్మా?"

"ఈయన ఒకసారి నేర్పారండీ. వీధి చివరిదాకా వెళ్లేసరికి ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. నాలుగు రోజులు."

"నేను నేర్పుతాను. రోజూ పొద్దున్న ఆరింటికి రా. ఆయన్ని తీసుకురాకు."

మూడు వారాల్లో టీచరుకి డ్రైవింగు వచ్చేసింది. ఒక ఆదివారం ఉదయం ఆమె స్టీరింగు ముందు కూర్చుని, ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. ఒళ్లో గళ్ల కాగితం. దాని మీద ఎర్రపెన్సిలుతో ఊరి చుట్టూ తను గీసుకున్న కొత్త దారి. ఎక్కడా వెనక్కి రానక్కర్లేకుండా పన్నెండు కిలోమీటర్లు, చెరువుగట్టు మీదుగా. ఇన్నాళ్లూ తిరిగిన తనకి ఆ దారి తట్టనందుకు అద్దాలాయనకి కొంచెం అసూయ కలిగింది.

గట్టు ఎక్కేటప్పుడు ఆమె గేరు మార్చడం ఆలస్యం చేసింది. పెద్దావిడ మూలిగింది. ఆయన నోరు తెరిచాడు. ఆమె వైపు చూసి మూసేశాడు.

"ఏమైనా అన్నారా?"

"గాలి బాగుందన్నాను."

గట్టు దిగి, మామిడితోట పక్కనుంచి ఎర్రమట్టి రోడ్డులోకి తిరిగారు. టీచరు హుషారుగా హారన్ కూడా కొట్టింది. అలా అర కిలోమీటరు వెళ్లాక రోడ్డుకి అడ్డంగా కొత్త ఇటుకల గోడ వచ్చింది. సున్నం ఇంకా ఆరలేదు. ఆమె చూసి గీసుకున్న నిరుటి ఊరి పటంలో అది లేదు.

బండి ఆపి, ఆమె గోడ వైపు చూసింది. కాగితం వైపు చూసింది. మళ్లీ గోడ వైపు చూసింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమె లెక్క తప్పడం అద్దాలాయన చూడటం ఇదే మొదలు. ఆయన ముఖం విప్పారిపోతోంది. ఎంత ఆపుకున్నా ఆగడం లేదు.

"నవ్వండి, నవ్వండి," అంది ఆమె, తలుపు తీసి దిగుతూ. "కానీ స్టాఫ్ రూములో ఎవరికైనా తెలిసిందో..."

"నేనేం చెప్పను. గాలి కోసం దిగామంటాను."

ఆయన ముందుకి వెళ్లి, వీపు గోడ వైపు పెట్టి బానెట్ మీద చేతులు ఆన్చాడు. ఆమె కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి పెట్టి స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో తలుపు నెట్టింది. మొదటి ఊపుకి కదల్లేదు. రెండో ఊపుకి ఆయన చెప్పు జారి మట్టిలో కూలబడ్డాడు. ఆమె నవ్వాపుకోలేక స్టీరింగు వదిలేసింది. ఇద్దరూ కాసేపు పెద్దావిడకి చేరబడి ఆయాసం తీర్చుకున్నారు.

"ఈసారి కలిసి. మూడు అన్నాక," అంది టీచరు.

మూడు అన్నాక బండి కదిలింది.